మొదటి బంతికి ముందు

నేను పెళ్ళిళ్ళలో వడ్డన పనికి వెళ్తున్నానని మా చుట్టాల్లో చాలామందికి చాలాకాలం తెలియదు. తెలిశాక ఎవరూ ఏమీ అనలేదు. ఎక్కడైనా భోజనాల దగ్గర నేను ఎదురుపడితే ముక్తసరిగా పలకరించి, ఆకు వైపు చూసుకుంటూ తినేసి వెళ్ళిపోయేవారు. మొదట్లో గుచ్చుకునేది. కొన్నాళ్ళకి, గుచ్చుకోవడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలని అర్థమైంది.

అంతకుముందు నేను తెనాలిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచర్ని. పెద్ద బడేం కాదు. రెండంతస్తుల ఇల్లు, పైన రేకుల షెడ్డు. పదేళ్ళకు పైగా అక్కడే పాఠాలు చెప్పాను. కరోనా అప్పుడు మూసిన గేటు మళ్ళీ తెరవలేదు. కొన్నాళ్ళు ఫోనులో పాఠాలు చెప్పించారు, తర్వాత అదీ ఆగిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో సోఫాలు అమ్ముతున్నారు. మావారు ఒక మందుల షాపులో పనిచేస్తారు. ఇల్లు గడవని పరిస్థితేమీ కాదు. కానీ పొద్దున్నే తల దువ్వుకుని, చీర కట్టుకుని, గడియారం చూసుకుంటూ గడప దాటడం అలవాటైన మనిషిని నేను. ఆ వేళకి ఇంట్లో కూర్చుంటే ఒళ్ళంతా తడిసిన గోనెసంచిలా అనిపించేది.

మా పక్క వాటాలో ఒకావిడ ఉంటుంది. చుట్టరికం ఏమీ లేదు. నేను ఆవిడని వదినా అంటాను, ఆవిడా నన్ను వదినా అంటుంది. అప్పటికే ఆవిడ వడ్డనకి వెళ్ళేది.

“ఎంతసేపని ఆ గుమ్మంలో కూర్చుంటావు వదినా? రేపు నాతో రా. నచ్చకపోతే ఎల్లుండి మానెయ్యి,” అంది ఒకరోజు.

మర్నాడు వెళ్ళాను. ఎల్లుండి మానలేదు.

చూసేవాళ్ళకి తేలిగ్గా కనపడుతుంది గానీ అది లెక్కగా జరగాల్సిన పని. ఒక విడత జనం కూర్చుని, తిని, లేవడాన్ని మా వైపు బంతి అంటారు. ఒక్కో బంతికి ముందు ఆకులు పరవాలి, నీళ్ళు పెట్టాలి. పచ్చడి, స్వీటు, పులిహోర, కూరలు ఒకదాని వెనక ఒకటి పడాలి. అన్నం వెనకే పప్పు, పప్పు వెనకే నెయ్యి. నెయ్యి కాస్త ఆలస్యమైందంటే పెళ్ళికూతురు తండ్రికి కబురు వెళ్తుంది. అందరం ఒకే రంగు చీరలు కట్టుకుంటాం, నెత్తిన ప్లాస్టిక్ టోపీలు పెట్టుకుంటాం. సాంబారు బకెట్టు పట్టుకుని వంగి లేచి వంగి లేచి మూడో బంతి అయ్యేసరికి నడుము మనది కాదు.

నేను చేరిన కొద్ది నెలలకి ఒక ఫంక్షన్లో గొడవైంది. వెనక వరుసలో కూర అందలేదని పెళ్ళివారి తరఫు పెద్దాయన ఒకరు ఆకు ముందునుంచి లేచి నిలబడ్డారు. మమ్మల్ని తీసుకొచ్చిన వంట కాంట్రాక్టరు ఎక్కడో ఫోనులో ఉన్నాడు. మాతో వచ్చిన ఆడవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను బకెట్టు కింద పెట్టి ఆయన దగ్గరికి వెళ్ళాను. “కూర్చోండి బాబాయ్ గారూ, ఇప్పుడే వస్తుంది,” అని చెప్పి, ముందు వరుసలో తిరుగుతున్న ఇద్దరిని వెనక్కి పంపించాను. అంతే జరిగింది. ఆయన కూర్చున్నారు.

కాంట్రాక్టరు అది చూశాడు. సాయంత్రం సామాన్లు సర్దుతుంటే దగ్గరికి వచ్చాడు.

“ఇంతకుముందు మీరు ఏం చేసేవారమ్మా?”

“టీచర్నండి.”

“అదీ సంగతి. ఈ ముహూర్తాలనుంచి బ్యాచ్ మీరు చూసుకోండి మేడం.”

ఆ రోజునుంచి అందరూ మేడం అనడం మొదలుపెట్టారు. ఇంటి దగ్గర వదినా అని పిలిచే మనిషి కూడా, పనిలో ఉన్నంతసేపూ మేడం అనేది. మొదట వేళాకోళం అనుకున్నాను. వేళాకోళం అంతకాలం సాగదు.

నాకు తెలిసిన పెద్దరికం ఒక్కటే, తరగతి గదిలోది. పిల్లల్ని అదుపులో పెట్టడానికి ఏం చేసేదాన్నో ఇక్కడా అదే చేశాను. హాలుకి వెళ్ళగానే అందర్నీ వరుసగా నిలబెట్టేదాన్ని. ఎవరు ఏ బకెట్టు పట్టుకోవాలో, ఏ వరుసలో తిరగాలో ఒక్కసారే చెప్పేదాన్ని. పని మొదలయ్యాక హాలు మధ్యలో ఏదో ఒక స్తంభం చూసుకుని దాని పక్కన నిలబడేదాన్ని. అక్కడినుంచి ఎవరు ఆగినా, ఎవరు ముచ్చట్లు పెట్టుకున్నా కనపడుతుంది. అంత గోలలో పిలిస్తే వినపడదు కాబట్టి చిటికె వేసేదాన్ని. చిటికె వినపడితే మనవలున్న ఆడవాళ్ళు కూడా ఉలిక్కిపడి చూసేవారు. పని మాత్రం చక్కగా జరిగేది, ఆ మాట చెప్పుకోవాలి. పెళ్ళివాళ్ళు మెచ్చుకునేవారు. కాంట్రాక్టరు బయట ఊళ్ళకి కూడా మా బ్యాచ్‌నే పంపడం మొదలుపెట్టాడు.

అలసట కూడా అప్పుడే మొదలైంది. బకెట్లు మోసిన రోజుల్లో చేతులు లాగేవి, పడుకుంటే తగ్గిపోయేవి. పెత్తనం వచ్చాక నొప్పి చేతుల్లోంచి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఎక్కడుందో తెలియక దానికి మందు రాసే వీలు కూడా లేకపోయింది. ఇంటికి వచ్చి కూర్చుంటే ఇంకా ఎవరో ఆగిపోయారని, ఎక్కడో ఆకు ఖాళీగా ఉందని కళ్ళు వెతుకుతూనే ఉండేవి.

బాపట్ల పెళ్ళి మాఘమాసంలో జరిగింది. సూర్యలంక వెళ్ళే రోడ్డులో పెద్ద ఏసీ ఫంక్షన్ హాలు. తెనాలి నుంచి పొద్దుటి రైలుకి వెళ్ళాం. భోజనాల హాల్లో గోడకి పెద్ద తెర పెట్టారు. పైన వేదిక మీద జరిగే పెళ్ళిని కింద తినేవాళ్ళు చూడాలని. మూడో బంతి నడుస్తుండగా కెమెరా పట్టుకున్న కుర్రాళ్ళు భోజనాలు తీయడానికి కిందికి వచ్చారు. నేను స్తంభం దగ్గరే ఉన్నాను. మూడో వరుసలో ఒకావిడ బకెట్టుతో ఆగిపోయింది. ఆవిడ వెనక నెయ్యి గిన్నెతో ఉన్నావిడా ఆగింది. నేను చిటికె వేశాను. కదల్లేదు. మళ్ళీ వేశాను.

అప్పుడే తల తిప్పితే తెర మీద ఒక మనిషి కనపడింది. మెరూన్ చీర, నెత్తిన టోపీ. కనుబొమలు ముడేసి, పెదాలు బిగించి, చెయ్యెత్తి ఎవరి మీదికో చిటికెలు వేస్తోంది. చప్పుడు వినపడదు కదా, వేళ్ళు ఆడడం ఒక్కటే కనపడుతోంది. పెళ్ళిలో ఈ మొహమేంటి అనుకున్నాను. ఆవిడ కింద పనిచేసేవాళ్ళని తలుచుకుని జాలిపడ్డాను. వేరే బ్యాచ్‌ని కూడా పిలిచారేమో అని ఒక్క క్షణం అనిపించింది కూడా. చెయ్యి దించాను. తెర మీద ఆవిడా దించింది.

కెమెరా పక్కకి జరిగి, పులిహోర తింటున్న పిల్లల్ని చూపించసాగింది. నేను మూడో వరుస వైపు నడిచాను. ఆగిపోయినావిడ మాలో అందరికంటే పెద్దది, కొలకలూరు నుంచి వస్తుంది. అందరం పిన్ని అంటాం. బకెట్టు కింద పెట్టి ఒక కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడి ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నాయన తినడం ఆపి ఆవిడ వైపు చూస్తున్నాడు. నేను భుజం కింద చెయ్యి వేసి చేతులు కడుక్కునే చోటికి తీసుకెళ్ళి, అక్కడున్న బల్ల మీద కూర్చోబెట్టాను.

“పొద్దున ఏం తిన్నావు పిన్నీ?”

“రైలెక్కేముందు టీ తాగానమ్మా.”

“అంతేనా?”

“మనకి పెట్టేది నాలుగింటికే గదా. అలవాటే.”

“కళ్ళు తిరుగుతున్నాయని చెప్పొచ్చు కదా. వేరేవాళ్ళని పంపేదాన్ని.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

“మీరట్టా చూస్తే చెప్పబుద్ధి కాదమ్మా. తిడతారని కాదు. మీరెప్పుడూ తిట్టలా. ఎందుకో నోరు రాదు.”

వంటశాలలోకి వెళ్ళి రెండు బూరెలు తెచ్చిచ్చాను. ఆవిడ అటూ ఇటూ చూసి, గోడ వైపు తిరిగి కూర్చుని తింది. పెళ్ళివాళ్ళు ఎవరైనా చూస్తారని. నేను ఆవిడకి అడ్డంగా నిలబడ్డాను.

తిరుగు రైల్లో ఎప్పటిలాగే నేను కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నాను, మిగతావాళ్ళు అవతలి సీట్లలో సర్దుకున్నారు. అది నేను కోరుకున్న ఏర్పాటే అని అంతవరకూ అనుకునేదాన్ని. అప్పికట్ల దాటాక అవతలినుంచి నవ్వులు వినపడ్డాయి. మొహం కడుక్కుందామని లేచి అటు వెళ్ళాను. నవ్వులు ఆగిపోయాయి. ఒకావిడ నాకు దారివ్వడానికి కాళ్ళు ముడుచుకుంది. నేను కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాక, చాలాసేపటికి గానీ వాళ్ళు మాట్లాడుకోలేదు.

తెనాలి స్టేషన్ నుంచి నేనూ వదినా నడిచి ఇంటికి వస్తున్నాం.

“వదినా, పని దగ్గర నేనెట్టా ఉంటాను?” అని అడిగాను.

“ఎట్టా అంటే?”

“ఉన్నది చెప్పు.”

“పని బాగా చేయిస్తావు.”

“అది కాదు.”

ఆవిడ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “ఇవాళ నువ్వు పిన్నిని తీసుకుని బయటికెళ్ళావు చూడు. అప్పుడు హాల్లో మేమంతా హమ్మయ్య అనుకున్నాం. ఏమనుకోకు.”

“ఏమనుకోనులే,” అన్నాను. అనుకున్నాను. ఇల్లు చేరేదాకా అదే అనుకుంటూ నడిచాను.

మావారు అప్పటికే షాపు నుంచి వచ్చి కూరగాయలు తరుగుతున్నారు. తెర సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

“ఇంట్లో కూడా నా మొహం అలాగే ఉంటుందా?”

ఆయన తరగడం ఆపి తలెత్తారు. “బడి ఉన్న రోజుల్లో ఆదివారాలు మాత్రం అలా ఉండేది కాదు,” అన్నారు.

ఆ మాటకి కోపం రాలేదు. చాలా ఏళ్ళుగా ఒక మనిషి నా మొహంలో వారాలు గుర్తుపడుతున్నాడని ఆశ్చర్యం వేసింది. మంచం మీద వాలి పైకప్పు చూస్తూ పడుకున్నాను. నేను చెడ్డదాన్నేం కాదని నాకు తెలుసు. ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఎవరి కూలీ తగ్గించలేదు. కానీ నా ఒంట్లో ఉన్న బరువు మొహం మీదుగా వాళ్ళ మీదికి దిగుతోంది. ఇన్నాళ్ళూ నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

మారాలనుకున్నాను. మారడం అంటే మెత్తగా ఉండడమని అనుకుని, ఆ తర్వాత చేబ్రోలులో జరిగిన గృహప్రవేశానికి నవ్వుమొహం పెట్టుకుని వెళ్ళాను. వరుసలో నిలబెట్టలేదు. “మీకెలా వీలైతే అలా చేసుకోండమ్మా,” అన్నాను. స్తంభం దగ్గరికి వెళ్ళకుండా అందరి మధ్యా తిరుగుతూ, బాగుందమ్మా, భలే వడ్డిస్తున్నావమ్మా అంటూ ఉన్నాను. వాళ్ళు నన్ను ఓరగా చూడడం మొదలుపెట్టారు. మొదటి బంతి అయ్యాక వదిన నన్ను పక్కకి లాగింది.

“కూలీ ఏమన్నా తగ్గిస్తున్నాడా ఏంటి?”

“లేదే. ఎందుకు?”

“మరెందుకు ఇట్టా ఉన్నావు? వాళ్ళంతా భయపడి చస్తున్నారు.”

రెండో బంతిలో ఒక వరుసకి పాయసం రెండుసార్లు పడింది, ఇంకో వరుసకి అసలు అందలేదు. సాంబారు రాకముందే పెరుగు వచ్చేసింది. ఇంటాయన చేతులు నలుపుకుంటూ తిరిగాడు. కాంట్రాక్టరు నా దగ్గరికి వచ్చి, “మేడం, ఒంట్లో బాగోలేదా?” అని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఆ సాయంత్రానికి నవ్వీ నవ్వీ నా దవడలు నిజంగానే నొప్పి పుట్టాయి.

అప్పుడు నా గురించి నాకు ఒక సంగతి తేలింది. నేను నవ్వించే మనిషిని కాను. పది మందితో ఇట్టే కలిసిపోయే స్వభావం వదినది. దాన్ని నేను అరువు తెచ్చుకుంటే అది నా ఒంటికి పట్టదు, చూసేవాళ్ళకీ పట్టదు. నాకు చేతనైంది ఒక్కటే. రేపు ఏం జరుగుతుందో ఇవాళే కూర్చుని ఆలోచించడం. పాఠం చెప్పేముందు ఇంట్లో రాసుకున్నట్టు. అయితే నేను ఇన్నాళ్ళూ ఆకుల గురించి, బకెట్ల గురించి, నెయ్యి గురించి ముందుగా ఆలోచించాను. వాటిని మోసే మనుషుల గురించి ఆలోచించలేదు.

కూర్చుని మా రోజు మొత్తాన్ని మొదటినుంచీ తలుచుకున్నాను. చీకటి ఉండగానే లేస్తాం. అన్ని ఇళ్ళల్లో మగవాళ్ళకీ పిల్లలకీ వండిపెట్టి వస్తారు గానీ, ఆ వేళకి ఎవరికీ ముద్ద దిగదు. పెళ్ళివారంతా తిన్నాక, ఆఖరి బంతి లేచాక, చల్లారిన అన్నం మా వంతుకి వస్తుంది. అప్పటికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది. మామూలు రోజుల్లో పొరపాట్లన్నీ మూడో బంతిలోనే ఎందుకు జరుగుతాయో, నా చిటికెలు అప్పుడే ఎందుకు ఎక్కువవుతాయో తెలిసింది. తెర మీద నేను చూసిన మొహంలో కోపం కొంతైతే, ఆకలి కొంత. అంతా ఆకలి మీదికి నెట్టేస్తే అది కూడా నిజం కాదు.

తర్వాతి పెళ్ళి రేపల్లెలో. కాంట్రాక్టరుకి ముందుగా ఫోన్ చేశాను.

“మా వాళ్ళు మొదటి బంతికి ముందే తినాలండి.”

“అదెట్టా కుదురుద్ది మేడం? పెళ్ళివాళ్ళు ముట్టకముందు వడ్డించేవాళ్ళు తిన్నారంటే నా పరువేం కాను?”

“పెళ్ళి భోజనం కాకపోయినా సరేనండి. ఏదో ఒక టిఫిన్ చాలు.”

“చూద్దాం లెండి.”

ఆయన నోట చూద్దాం అంటే లేదని. అయినా నేను ఆగదలుచుకోలేదు. పొద్దుటి రైలుకి వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ వెళ్ళి రేపల్లెలో దిగాం. పెళ్ళివారిది హార్బరు వైపు బోట్లు, చేపల వ్యాపారం ఉన్న కుటుంబం. ఫంక్షన్ హాలు వెనక రేకుల కింద వంటలు జరుగుతున్నాయి. వంట పెద్దని అడిగితే పులిహోర కలపడం అయిపోయిందని, కావాలంటే తీసుకోమని అన్నాడు. వెనక గోడ పక్కన నీడలో ఆకులు వేసి అందర్నీ కూర్చోబెట్టాను. కూర్చోవడానికే భయపడ్డారు. “పర్లేదు, నేనున్నాను,” అన్నాను. నాలుగు ముద్దలు తిన్నారో లేదో, పెళ్ళికొడుకు నాయనమ్మ వంటలు చూడడానికి వెనక్కి వచ్చింది. వెనకాలే కాంట్రాక్టరు.

“ఏంటమ్మా ఇది? పెళ్ళికూతురి వాళ్ళు ఇంకా దిగనే లేదు, మీరు ఆకులేసుకుని కూర్చున్నారా?” అంది ఆవిడ.

“లేవండి, లేవండి,” అన్నాడు కాంట్రాక్టరు. కొందరు సగం లేచారు. పిన్ని తన ఆకు మడిచేసింది.

“కూర్చోండి. తిన్నాకే లేవండి,” అన్నాను వాళ్ళతో. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గట్టిగా లేదు, తీయగా కూడా లేదు.

తర్వాత ఆవిడ వైపు తిరిగాను. “నేనే కూర్చోబెట్టానండి. చీకట్నే లేచి వచ్చారు. ఇప్పుడు తింటే సాయంత్రం దాకా మీ చుట్టాలకి సరిగ్గా వడ్డిస్తారు. తినకపోతే మధ్యలో పడిపోతారు. మొన్నొక పెళ్ళిలో ఒకావిడ పడబోయింది కూడా. తప్పనుకుంటే నన్ను అనండి, వాళ్ళని కాదు.”

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆకుల ముందు కూర్చున్నవాళ్ళని చూసింది.

“మా బోట్ల మీదికి పోయేవాళ్ళు కూడా తినే ఎక్కుతారులే. కానీ పెళ్ళికి ఒక పద్ధతంటూ ఉంటుంది గదా,” అని లోపలికి వెళ్ళిపోయింది. మెచ్చుకోలేదు, క్షమించనూ లేదు. వదిన తన పక్కన ఒక ఆకు వేసింది. కూర్చుని తిన్నాను.

ఆ రోజు పని గొప్పగా జరిగిందని చెప్పను. మామూలుగా జరిగింది. రొయ్యల కూర ఒక బంతికి తగ్గింది, అది మా చేతుల్లో లేదు. కానీ మూడో బంతిలో ఎవరూ కుర్చీలు పట్టుకుని నిలబడలేదు. నేను కూడా స్తంభం వదిలి వరుసల మధ్య తిరిగాను. ఎవరైనా ఆగితే దగ్గరికి వెళ్ళి ఏమైందని అడిగాను. చాలాసార్లు కారణం ఉండేది. గరిటె వేడెక్కింది, దారిలో పిల్లాడు కూర్చున్నాడు, బకెట్టు అడుగంటింది. దూరంనుంచి అవేవీ కనపడవు.

సాయంత్రం సామాన్లు వ్యానెక్కిస్తుంటే కాంట్రాక్టరు పిలిచాడు.

“నా ఎదురుగా పెళ్ళివాళ్ళతో అట్టా మాట్లాడితే నేను ఈ ఊరికి మళ్ళీ రాగలనా మేడం? ముందు నన్ను అడిగారు, నేను కాదన్నాను. అయినా చేశారు.”

“అవునండి.”

“కొన్నాళ్ళు ఆగండి. నేనే ఫోన్ చేస్తాను.”

ఆ వేసవి ముహూర్తాల్లో ఫోన్ రాలేదు. మా బ్యాచ్‌లో సగం మంది వేరేవాళ్ళతో వెళ్ళడం మొదలుపెట్టారు. నాకు చెప్పకుండా వెళ్ళినవాళ్ళున్నారు. పిన్ని మాత్రం ఇంటికి వచ్చి చెప్పింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ కూర్చుంది.

“మీరు మాకోసమే అడిగారమ్మా. కాదన్ను. కానీ ఇల్లు జరగాలి గదా.”

“వెళ్ళు పిన్నీ. అక్కడైనా పొద్దున ఏదో ఒకటి తిని వెళ్ళు.”

“సరేనమ్మా,” అంది. తినదని ఇద్దరికీ తెలుసు.

నేను చేసింది సరైనదేనా అని ఆ ఎండాకాలమంతా ఆలోచించాను. వాళ్ళ ఆకలి గురించి నేను మాట్లాడాను, దాని వల్ల వాళ్ళ పనే పోయింది. వాళ్ళని ముందుగా అడగలేదు. ఇలా చేద్దామనుకుంటున్నాను, దీనివల్ల పిలుపులు తగ్గొచ్చు, మీరేమంటారు అని ఒక్కమాట అడిగి ఉండాల్సింది. చిటికె మానేసినా, నిర్ణయం నేనొక్కదాన్నే తీసుకునే అలవాటు అలాగే మిగిలింది. మనలోని ఒకదాన్ని పట్టుకున్నామని తృప్తిపడే లోపల, దాని వెనక ఇంకొకటి కనపడుతుంది. ఆ వెతుకులాట కూడా అలసటే.

ఆ రోజుల్లో నేనూ వదినా, మరో ముగ్గురూ కలిసి చిన్న చిన్న పనులకి వెళ్ళాం. సంవత్సరీకాలు, బారసాలలు. శ్రావణమాసం ముహూర్తాలు వచ్చాక కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు పడ్డాయట, మనుషులు చాలట్లేదట.

ఆయనకి వెంటనే సరేనని చెప్పలేదు. “మా వాళ్ళని అడిగి చెప్తానండి,” అన్నాను. ఆ సాయంత్రం అందర్నీ మా వాకిట్లో కూర్చోబెట్టాను. వేరేవాళ్ళతో వెళ్ళిపోయినవాళ్ళలో కూడా ఇద్దరు వచ్చారు. తినకపోయినా వెళ్దామా, తింటేనే వెళ్దామా అని అడిగాను. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకావిడ తిండికంటే కూర్చోవడం ముఖ్యమంది, బంతికీ బంతికీ మధ్య కాసేపు కూర్చుంటే చాలంది. ఇంకొకావిడ మాకు టిఫిన్ పెడితే పెళ్ళివాళ్ళకి కనపడనిచోట పెట్టండి, సిగ్గుగా ఉంటుంది అంది. సిగ్గు సంగతి నాకు తట్టనే లేదు. చివరికి టిఫిన్ ఉంటేనే వెళ్దామని తేల్చారు. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను.

“ఉప్మాయే మేడం. వంటల షెడ్డు వెనక. నెయ్యి గియ్యి అడక్కండి,” అన్నాడు కాంట్రాక్టరు.

“అడగమండి.”

అంతకంటే పెద్ద గెలుపేమీ కాదు. ఆ ఉప్మా సగంసార్లు చల్లారి ఉంటుంది. కానీ ఇప్పుడు మేం పని మొదలుపెట్టేముందు షెడ్డు వెనక అందరం ఒకచోట కూర్చుంటాం. ప్లేట్లు చేతిలో ఉండగానే ఆ రోజు పని ఎలా జరుగుతుందో మొత్తం చెప్తాను. ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో అడుగుతాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నీళ్ళ దగ్గర ఉంటారు. నా ఏర్పాటు బాగోలేదని ఎవరైనా అంటే, మొదట నాకు చిరాకే వస్తుంది. ఆ చిరాకుని ఒక్క నిమిషం పక్కన పెట్టడం నేర్చుకున్నాను. అది పోతుందని చెప్పలేను. వాళ్ళు ఇంకా నన్ను మేడం అనే పిలుస్తారు. అది మారుతుందని మొదట్లో ఆశపడ్డాను. ఇప్పుడు ఆ పిలుపుకీ అలవాటుపడ్డాను, అది కూడా నేనే. రైల్లో మాత్రం వాళ్ళ మధ్యే కూర్చుంటున్నాను. నేనున్నా నవ్వుకుంటున్నారు, నన్ను చూసి కాస్త తగ్గించి.

పిన్ని మళ్ళీ రాలేదు. మోకాళ్ళు సహకరించక పని మానేసిందని తర్వాత తెలిసింది.

ఈమధ్య అంగలకుదురులో ఒక నిశ్చితార్థానికి వెళ్ళాం. నా మడమ వాచి కాలు కింద పెట్టలేకపోతున్నాను. ఉప్మా తింటూ వదినతో, “ఇవాళ నువ్వు చూసుకో,” అన్నాను.

“నా వల్ల కాదు. నీలాగా నాకు లెక్కలు రావు.”

“నాలాగా వద్దు. నీకెట్టా వస్తే అట్టా.”

చాలాసేపు గునిసింది. తర్వాత కొంగు దోపుకుని లేచింది. నేను ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని నీళ్ళ బాటిళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆవిడ చేసే పద్ధతి వేరు. వరుసల మధ్య అరుచుకుంటూ, చుట్టాలతో పరాచికాలాడుతూ, బకెట్టున్నవాళ్ళని వీపు మీద తట్టి పంపుతూ తిరిగింది. అప్పడాలు మర్చిపోయి, గుర్తొచ్చి పరుగెత్తించింది. ఒక వరుసకి రసం ఆలస్యమైంది. రెండుమూడుసార్లు కుర్చీలోంచి సగం లేచాను. మళ్ళీ కూర్చున్నాను. తినేవాళ్ళు తింటూనే ఉన్నారు. ఎవరూ ఆకుల ముందునుంచి లేచి నిలబడలేదు.

కాంట్రాక్టరు వచ్చి నన్ను చూసి ఆగాడు. “ఏంటి మేడం, కూర్చున్నారు?”

“ఇవాళ ఆవిడ చూసుకుంటుందండి.”

ఆయన హాలు వైపు చూశాడు, నా కాలు వైపు చూశాడు, వంటల వైపు వెళ్ళిపోయాడు.

పని అయ్యాక అందరం ఒకే ఆటోలో ఇరుక్కుని తెనాలి బయల్దేరాం. వదిన చెమటతో తడిసిపోయి ఉంది, గొంతు బొంగురుపోయింది. “నీ పని చాలా కష్టం వదినా, రేపు నువ్వే చూసుకో,” అంది నా భుజం మీద తల వాల్చి. పని బట్టల్లో ఉండగా ఆవిడ నన్ను వదినా అని పిలిచిందని ఇద్దరం గమనించలేదు. ఇంటికి వచ్చి కాలు వేణ్ణీళ్ళలో పెట్టుకున్నాకే గుర్తొచ్చింది. అప్పటికి ఆవిడ నిద్రపోయి ఉంటుంది. మర్నాడు బాపట్లలో పెళ్ళి ఉంది, పొద్దుటి రైలే. అలారం పెట్టుకుని దీపం ఆర్పాను.